మూకీని పంపించేసిన ఫిబ్రవరి

2020 ఫిబ్రవరిలో బోస్టన్ చుట్టుపక్కల బేస్‌బాల్ గురించి మాట్లాడని మనిషి లేడు. అయితే ఎవరి నోటా బేస్‌బాల్ మాట లేదు. కాఫీ దుకాణంలో, ఆఫీసు లిఫ్టులో, పిల్లల్ని ఈత క్లాసుకు దింపే చోట ఒకటే అంకె వినిపించేది: 20.8 కోట్ల డాలర్లు. ఆ ఏడాది ఏ జట్టయినా ఆటగాళ్ళ జీతాల మొత్తం ఆ గీత దాటితే లీగ్‌కు పన్ను కట్టాలి. మా బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ అప్పటికి వరుసగా రెండేళ్ళు గీత దాటింది. మూడో ఏడు కూడా దాటితే పన్ను రేటు యాభై శాతానికి పెరుగుతుంది. ఒక్క ఏడాది కిందికి దిగితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని మూకీ బెట్స్‌ను లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు ఇచ్చేశారు.

బేస్‌బాల్ చూడనివాళ్ళకు బెట్స్ ఎవరో చెప్పాలి. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో పుట్టాడు. 2011లో జట్లన్నీ వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునేటప్పుడు రెడ్ సాక్స్ అతణ్ణి ఎంచుకున్నది అయిదో రౌండులో. అంటే ఆ ఏడు అంతకు ముందు ఎన్నో పేర్లు పిలిచారు. మనిషి అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. ఆరడుగులు దాటిన వాళ్ళతో నిండిన ఆ ఆటలో అతను బ్యాటు పట్టుకుని నిలబడితే పిల్లవాడు పొరపాటున లోపలికొచ్చినట్టు కనిపించేవాడు. 2018లో అమెరికన్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. సగటు .346, మన సిక్సర్ల లాంటి హోమ్ రన్లు 32, బంతి విసిరేవాడి కళ్ళుగప్పి పరుగెత్తి దొంగిలించిన బేస్‌లు 30. రైట్ ఫీల్డ్‌లో ఉత్తమ ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ కూడా అతనిదే. మా జట్టు మైదానం ఫెన్‌వే పార్క్‌లో రైట్ ఫీల్డ్ కాపలా అంటే మాటలు కాదు. 1912 నాటి మైదానం, గోడలు ఎక్కడ ఎలా మలుపు తిరుగుతాయో బంతికే తెలియాలి. మూకీకి కూడా తెలుసు.

బౌలింగ్ ఆడితే, అదే పిన్నులు పడగొట్టే ఆట, వృత్తిగా ఆడేవాళ్ళ పోటీలోనే మూడు వందలకు మూడు వందలు కొట్టాడు. రూబిక్ క్యూబ్‌ను రెండు నిమిషాల్లోపు సరిచేస్తాడు. ఇవన్నీ నాకు మా అబ్బాయి చెప్పినవి. 2018లో వాడికి పదేళ్ళు. తరగతిలో వరసలో అందరికంటే ముందు నిలబెట్టే ఎత్తు వాడిది. అయిదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి లీగ్‌లోకెల్లా గొప్పవాడయ్యాడంటే వాడికి ఎంత ధైర్యంగా ఉండేదో ఊహించుకోండి.

ఆ వేసవిలో మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరున్నారు. జులై 12న టొరంటో జట్టుతో మ్యాచ్. నాలుగో ఇన్నింగ్స్, ఇద్దరు అవుటయ్యారు, మూడు బేస్‌ల మీదా మనవాళ్ళు పరుగుకు సిద్ధంగా ఉన్నారు. జె.ఎ. హాప్ బంతి విసురుతున్నాడు. మూకీ ఒకదాన్ని పక్కకు కొడతాడు, మరొకదాన్ని వెనక్కి కొడతాడు, చెడ్డ బంతిని వదిలేస్తాడు. అవుటూ కాడు, పరుగూ తీయడు. నాన్నగారికి బేస్‌బాల్ నియమాలు తెలియవు. అయినా కుర్చీ అంచుకు జరిగి, "వీడెవడో గవాస్కర్ బాపతు మనిషిరా, బంతి కోసం చూస్తున్నాడు" అన్నారు. పదమూడో బంతి ముప్పై ఏడడుగుల ఎత్తున్న గ్రీన్ మాన్‌స్టర్ గోడ దాటి పోయింది. నాలుగు పరుగులు. మూకీ మొదటి బేస్ వైపు పరుగెడుతూ గొంతు చించుకుని అరుస్తున్నాడు. మామూలుగా అలా అరిచే మనిషి కాదు. మా అబ్బాయి తాతగారిని వాటేసుకుని గంతులేశాడు. అప్పటిదాకా వాళ్ళిద్దరికీ మాట కలిసేది కాదు. వీడి తెలుగు ఆయనకు అర్థం కాదు, ఆయన తెలుగు వీడికి అర్థం కాదు. ఆ రాత్రి నుంచి ఆయన తెనాలి వెళ్ళేదాకా రోజూ సాయంత్రం ఏడయ్యేసరికి ఇద్దరూ టీవీ ముందు చేరేవారు. ఆయన వెళ్ళాక కూడా ఫోన్లో మొదటి ప్రశ్న, "మీ వాడు కొట్టాడా?"

ఆ ఏడు సాక్స్ 108 మ్యాచ్‌లు గెలిచింది. గెలిచిన ప్రతిసారీ బెనింటెండి, బ్రాడ్లీ, బెట్స్ ముగ్గురూ అవుట్‌ఫీల్డ్ మధ్యకు చేరి చిన్న డ్యాన్సు చేసేవారు. మా ఇంట్లో హోమ్‌వర్క్ అయిపోతే కూడా ఆ డ్యాన్సే. అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్, గెలిచింది కూడా ఇదే డాడ్జర్స్ మీద. రెండో మ్యాచ్ అయిన రాత్రి, ఒంటిగంట దాటాక, మూకీ భోజనం ట్రేలు పట్టుకుని బోస్టన్ పబ్లిక్ లైబ్రరీ బయట పడుకునే నిరాశ్రయులకు పంచాడని తర్వాత తెలిసింది. అతను చెప్పుకోలేదు, చూసినవాళ్ళు చెప్పారు.

అలాంటివాణ్ణి ఇచ్చేశారు.

నిజానికి బోస్టన్‌లో ఆరాధించినవాణ్ణి పంపించేయడం నేను అంతకు ముందూ చూశాను. ఈ దేశం వచ్చిన కొత్తలో, 2004 జులై 31న, నోమార్ గార్సియాపారాను చికాగో కబ్స్‌కు పంపించారు. అప్పటికి నాకు ఆట సగమే అర్థమయ్యేది. నోమార్ మాత్రం అర్థమయ్యాడు, ఎందుకంటే బ్యాటింగ్‌కు వచ్చిన ప్రతిసారీ గ్లవ్స్ పట్టీలు పదేపదే సర్దుకుని, బూటు ముందుభాగాన్ని నేలకు తాటించేవాడు. ఊళ్ళో ప్రతి పిల్లవాడూ అదే చేసేవాడు. అతను వెళ్ళాక వచ్చిన సోమవారం ఆఫీసులో పని జరగలేదు. ఒకావిడ పార్కింగ్ స్థలంలో కారులో కూర్చుని రేడియో వింటూ ఏడ్చింది. ఒక ఆటగాడు ఊరు మారితే ఏడవడమేమిటని నాకు లోపల నవ్వొచ్చింది. మూడు నెలలు తిరక్కుండానే మా రెడ్ సాక్స్ బద్ధశత్రువులైన న్యూయార్క్ యాంకీస్ మీద మూడు మ్యాచ్‌లు ఓడి, తర్వాతి నాలుగూ గెలిచి, అక్టోబర్ 27న 86 ఏళ్ళ తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచింది. ఇంక నోమార్ సంగతి ఎవరెత్తుతారు?

ఆ గెలుపు చూడకుండానే పోయిన తండ్రుల, తాతల సమాధుల దగ్గరకు వెళ్ళి జనం రెడ్ సాక్స్ జెండాలు పెట్టారు. మా పక్కింటి పెద్దాయన కూడా పెట్టాడు. ఐరిష్ కుటుంబం వాళ్ళది. నాకు ఆట నేర్పింది ఆయనే, మధ్య కంచె మీద చేతులాన్చి. బేబ్ రూత్ కథ కూడా మొదట ఆయన నోటే విన్నాను. 1919లో రూత్ మా రెడ్ సాక్స్‌కు ఆడుతూ 29 హోమ్ రన్లు కొట్టి రికార్డు సృష్టించాడు. ఆ డిసెంబర్‌లో జట్టు యజమాని హ్యారీ ఫ్రేజీ అతణ్ణి న్యూయార్క్ యాంకీస్‌కు లక్ష డాలర్లకు అమ్మేశాడు. దానితో పాటు వాళ్ళ దగ్గరే మూడు లక్షల డాలర్ల అప్పు, తాకట్టు ఫెన్‌వే పార్క్. ఫ్రేజీది నాటకాల వ్యాపారం. అమ్మకం సంగతి బయటకు చెప్పింది 1920 జనవరి 5న. రూత్‌కు క్రమశిక్షణ లేదని సమర్థించుకున్నాడు కూడా. మరుసటి ఏడు ఆ క్రమశిక్షణ లేనివాడు న్యూయార్క్ తరఫున 54 హోమ్ రన్లు కొట్టాడు.

1920 జనవరి, 2020 ఫిబ్రవరి. సరిగ్గా నూరేళ్ళ మీద ఒక నెల. ఆ తేడా చెప్పి పక్కింటి పెద్దాయన మంచులోనే చాలాసేపు నిలబడిపోయాడు. ఫ్రేజీకి అప్పులైనా ఉన్నాయి, వీళ్ళకు అవి కూడా లేవు, అన్నాడు.

ఆయన మాటలో నిజముంది. 2002లో సుమారు 70 కోట్ల డాలర్లకు చేతులు మారిన జట్టు విలువను 2020 నాటికి ఫోర్బ్స్ పత్రిక 300 కోట్లకు పైగా కట్టింది. ఫెన్‌వే టికెట్టు లీగ్‌లోకెల్లా ఖరీదైన వాటిలో ఒకటి. గీత దాటినందుకు 2019లో జట్టు కట్టిన పన్ను కోటీ ముప్పై లక్షల డాలర్ల చిల్లర. ఈ అంకెలన్నీ నాకెందుకు గుర్తున్నాయంటే, ఆ నెలంతా మేం బట్టీ పట్టింది అవే.

ఇక్కడ ట్రేడ్, అంటే ఆటగాళ్ళ మార్పిడి, ఎలా జరుగుతుందో తెలియకపోతే ఆ కోపం అర్థం కాదు. మేజర్ లీగ్‌లోకి వచ్చిన ఆటగాడు మొదటి ఆరేళ్ళ సర్వీసు పూర్తయ్యేదాకా ఆ జట్టు చేతిలోనే ఉంటాడు. ఈలోగా అతణ్ణి ఇంకో జట్టుకు మార్చుకుంటే అతని సమ్మతి అడగనక్కరలేదు. ఆరేళ్ళు నిండాక స్వేచ్ఛ, ఎవరెక్కువిస్తే వాళ్ళ దగ్గరకు వెళ్ళవచ్చు. మూకీకి ఇంకొక్క ఏడాదే మిగిలింది. ఆ ఏడాది జీతం 2.7 కోట్ల డాలర్లు. జట్టు పదేళ్ళకు 30 కోట్లు ఇస్తానంటే వద్దన్నాడని, తను పన్నెండేళ్ళకు 42 కోట్లు అడిగాడని రేడియోలో కథనం వచ్చింది. స్వేచ్ఛ వచ్చేదాకా ఆగి తన విలువ తెలుసుకుంటానని అతను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు. వట్టి చేతులతో పోగొట్టుకోవడం కంటే ముందే ఎవరికో ఇచ్చి ప్రతిఫలం తెచ్చుకుందామని జట్టు లెక్క.

వార్త వచ్చింది మంగళవారం, ఫిబ్రవరి 4 రాత్రి. మూకీతో పాటు బంతి విసిరే డేవిడ్ ప్రైస్ కూడా వెళుతున్నాడు. అతనికి మూడేళ్ళలో ఇంకా ఇవ్వాల్సిన 9.6 కోట్ల డాలర్లలో సగం మనమే కడతాం. మిన్నెసోటా కూడా కలిసి మూడు జట్ల ఒప్పందం. వాళ్ళ దగ్గరి నుంచి రావాల్సిన కుర్రాడి వైద్య నివేదిక సాక్స్‌కు నచ్చక అది ఆగిపోయింది. ఆ నాలుగైదు రోజులు ఊళ్ళో జనానికి ఆశ పుట్టింది. ముహూర్తం తప్పింది కాబట్టి పెళ్ళి కూడా తప్పుతుందేమోనని. తప్పలేదు. ఫిబ్రవరి 10న ఖరారైంది. బదులుగా అలెక్స్ వెర్డూగో, జీటర్ డౌన్స్, కానర్ వాంగ్ వచ్చారు. ఆ మధ్యవాడి పేరు చూశారుగా? యాంకీస్ కెప్టెన్ డెరెక్ జీటర్ మీద అభిమానంతో తల్లిదండ్రులు పెట్టిన పేరు. పుండు మీద కారమంటే ఇదే.

స్పోర్ట్స్ రేడియోకు ఫోన్ చేసేవాళ్ళు రెండు రకాలుగా చీలిపోయారు. ముప్పై కోట్లు చాలవన్నవాడికి ఈ ఊరి మీద ప్రేమేముందని ఒకరు. నీ కంపెనీలో నీకు ఎక్కువ జీతమిస్తామంటే మానేస్తావా అని ఇంకొకరు. నేను రెండో వాళ్ళ వైపే. ఆటగాడి శరీరం ఎంతకాలం సహకరిస్తుంది? ఆరేళ్ళు వాళ్ళు చెప్పిన ధరకు ఆడాక తన ధర తను అడగడం తప్పెలా అవుతుంది? మా తెలుగువాళ్ళ పాట్‌లక్ భోజనాల్లోనూ ఇదే చర్చ. అందరం సాఫ్ట్‌వేర్ వాళ్ళం, సగం మంది ఉద్యోగం మారి జీతం పెంచుకున్నవాళ్ళమే, అయినా అతణ్ణి డబ్బు మనిషి అన్నవాళ్ళు మాలోనూ ఉన్నారు! తెనాలిలో నాన్నగారికి ఫోన్లో విషయమంతా చెబితే మధ్యలోనే ఆపి, "పాలిచ్చే గేదెను అమ్మి దున్నపోతును కొన్నట్టు" అనేసి అమ్మకు ఫోన్ ఇచ్చేశారు.

మా అబ్బాయి పెద్దగా ఏడవలేదు. మరునాడు పొద్దున మూకీ యాభయ్యో నంబర్ జెర్సీ చేత్తో పట్టుకుని వచ్చి, "ఇది ఇంకా వేసుకోవచ్చా?" అని అడిగాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. వాళ్ళమ్మ దోసె తిరగేస్తూ, "డబ్బులు పెట్టి కొన్నది మనం నాన్నా, వాళ్ళు కాదు. వేసుకో" అంది. వేసుకున్నాడు, స్వెట్టర్ లోపల.

వసంతకాలపు శిక్షణకు జట్టు ఫోర్ట్ మయర్స్ చేరాక యజమాని జాన్ హెన్రీ విలేకరుల ముందుకొచ్చాడు. చిన్నప్పుడు తను సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఆటగాడు స్టాన్ మ్యూజియల్‌ను ఆరాధించేవాడినని, అతణ్ణి కార్డినల్స్ ఎవరికైనా ఇచ్చేస్తే తన గుండె పగిలేదని, కాబట్టి మీ బాధ అర్థమైందని చెప్పాడు. పక్కింటి పెద్దాయనకు అన్నిటికంటే కోపం తెప్పించింది అదే. మ్యూజియల్‌ను ఇవ్వలేదు కదా, అన్నాడు.

తర్వాత నాలుగు వారాలకు లోకమే మూతపడింది. మార్చిలో టామ్ బ్రేడీ కూడా మా ఊరి ఫుట్‌బాల్ జట్టును వదిలి ఫ్లోరిడా వెళుతున్నానన్నాడు. మామూలు సంవత్సరమైతే ఊరు అట్టుడికేది. అప్పుడు మాత్రం జనం బియ్యం, టాయ్‌లెట్ పేపర్ వెతుక్కుంటున్నారు. ఏప్రిల్‌లో ఫెన్‌వేకు వెళ్ళి గొంతెత్తి గేలి చేద్దామని ఎదురుచూసినవాళ్ళకు ఆ అవకాశమే లేకపోయింది. సీజన్ 60 మ్యాచ్‌లకు కుదించారు, అదీ ఖాళీ మైదానాల్లో. సాక్స్ 24 గెలిచి 36 ఓడి డివిజన్‌లో అట్టడుగున నిలిచింది. కోపం వెళ్ళగక్కే చోటు లేక ఇళ్ళల్లోనే ఉండిపోయింది.

ఈలోగా, సీజన్ మొదలు కావడానికి ముందురోజు, జులై 22న, డాడ్జర్స్ మూకీతో పన్నెండేళ్ళ ఒప్పందం కుదుర్చుకుంది, 36.5 కోట్ల డాలర్లకు. సంతకం పెట్టడు, స్వేచ్ఛే కావాలంటాడు అని ఫిబ్రవరిలో మాకు చెప్పిన మాట ఆ ఒక్క సంతకంతో గాలికి పోయింది. అక్టోబర్‌లో మేం డాడ్జర్స్ మ్యాచ్‌లు చూశాం. మా ఇంట్లో ఎవరూ దీన్ని ప్రకటించలేదు, చూస్తూ ఉన్నామంతే. అట్లాంటాతో ఏడో మ్యాచ్‌లో ఫ్రెడ్డీ ఫ్రీమన్ కొట్టిన హోమ్ రన్‌ను మూకీ గోడ మీదికి ఎగిరి పట్టేశాడు. వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో టాంపా బే మేనేజర్ బాగా విసురుతున్న స్నెల్‌ను బయటకు పిలవగానే, వచ్చిన కొత్తవాడి బంతిని కొట్టి మూకీ ఏకంగా రెండో బేస్ చేరాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టాడు. డాడ్జర్స్ గెలిచింది. ఆ తేదీ కూడా అక్టోబర్ 27. మా అబ్బాయి ఆనందించాడో బాధపడ్డాడో వాడి ముఖం చూసి నేను చెప్పలేకపోయాను.

మరుసటి ఏడు హైదరాబాద్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, వార్నర్‌ను కెప్టెన్సీ నుంచి తీసేశారు!" 2016లో 848 పరుగులు చేసి సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చినవాడు. లాక్‌డౌన్‌లో భార్యాబిడ్డలతో తెలుగు పాటలకు డ్యాన్సులు చేసి మనవాడైపోయినవాడు. తర్వాత జట్టులో చోటు కూడా ఇవ్వలేదు, చివరికి వదిలేశారు. వాడి బాధ నాకు అర్థమైంది, కానీ ఒక తేడా ఉంది. వార్నర్ ఆ ఏడు పరుగుల కోసం తడబడుతున్నాడు. కారణమనేది ఒకటి కనిపించేది. నోమార్‌కు గాయాలు, అసంతృప్తి. 2008లో ఇంకో రెడ్ సాక్స్ ఆటగాడు మానీ రామిరెజ్‌ను పంపినప్పుడు అతనే రోజుకో గొడవ పెడుతున్నాడు. మూకీకి ఏమిటి కారణం? ఇరవై ఏడేళ్ళవాడు, ఆట ఉచ్చస్థితిలో ఉంది, ఎవరితో గొడవ లేదు. జట్టు దగ్గర డబ్బూ ఉంది. తిట్టుకోవడానికి అతనిలో ఒక్క లోపమైనా దొరికితే మాకు కాస్త తేలికగా ఉండేది.

అతను ఫెన్‌వేకు డాడ్జర్స్ జెర్సీలో తిరిగొచ్చింది 2023 ఆగస్టు 25న. అప్పటికి మూడున్నరేళ్ళు. టికెట్లకు ఎంత పెట్టానో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. కెన్‌మోర్ స్టేషన్‌లో రైలు దిగితే మెట్ల మీద, వంతెన మీద, సాసేజీ బండ్ల దగ్గర, ఎటు చూసినా యాభై. నీలం యాభైలు కొన్ని, ఎర్రవీ తెల్లవీ ఎన్నో. ఉతికి ఉతికి అక్షరాలు పగిలినవి. మా వాడిది అప్పటికి పొట్టకు రాదు. మొదటి బ్యాటర్‌గా అతను వస్తుంటే మైదానమంతా లేచి నిలబడింది. హెల్మెట్ తీసి చుట్టూ చూశాడు. నా ముందు వరసలో ఒకాయన చప్పట్లు కొడుతూనే యజమానుల బాక్సు వైపు తిరిగి అరుస్తున్నాడు. ఏమరిచాడో ఇక్కడ రాయలేను.

బదులుగా వచ్చినవాళ్ళ సంగతి కూడా చెప్పాలి కదా. డౌన్స్ బోస్టన్‌కు 14 మ్యాచ్‌లు ఆడాడు, 2022 చివర్లో వదిలేశారు. వెర్డూగో కష్టపడి ఆడాడు, పాపం, మూకీ చోటులోకి రావడం అతని తప్పు కాదు. 2023 డిసెంబర్‌లో అతణ్ణి యాంకీస్‌కే ఇచ్చారు. వాంగ్ వికెట్ కీపర్ లాంటి స్థానంలో ఆడతాడు, మంచివాడు. ట్రేడ్ చేసిన జట్టు అధికారి చైమ్ బ్లూమ్‌ను 2023 సెప్టెంబర్‌లో తీసేశారు. మూకీ డాడ్జర్స్‌తో 2020, 2024, 2025 మూడు సార్లు కప్పు గెలిచాడు.

2025 జూన్ 15 ఆదివారం, ఫాదర్స్ డే. సాక్స్ ఫెన్‌వేలో యాంకీస్‌ను మూడో మ్యాచ్ కూడా ఓడించింది. రఫాయెల్ డెవర్స్ హోమ్ రన్ కొట్టాడు. మేం ఇంకా భోజనాల దగ్గరే ఉన్నాం, మా అబ్బాయి ఫోన్ చూసి, "డెవర్స్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోకు ఇచ్చేశారు" అన్నాడు. 2018 జట్టులో మాకు మిగిలిన ఆఖరి ఇష్టుడు. మూకీ విషయంలో జరిగింది మళ్ళీ జరగకూడదని పదేళ్ళకు 31 కోట్లకు పైగా ఇచ్చి నిలుపుకున్నవాడు. వసంతంలో మూడో బేస్ నుంచి తప్పించారు, మేలో మొదటి బేస్ ఆడమంటే కాదన్నాడు, చెడింది.

నేను వాడి ముఖంలోకి చూశాను. పదిహేడేళ్ళవాడు, నాకంటే పొడుగు. "ఒప్పందంలో మిగిలిన ఇరవై అయిదు కోట్లూ వాళ్ళే కడతారట నాన్నా. పన్ను గీత కింద చాలా ఖాళీ దొరుకుతుంది" అన్నాడు, పెరుగన్నం కలుపుకుంటూ. జెర్సీ పట్టుకుని వచ్చిన పిల్లవాడు మొదట అనాల్సిన మాట అది కాదు. ఆ లెక్కల భాష వాడికి నేర్పింది ఆ ఫిబ్రవరే, అందులో నా పాలూ ఉంది, కారులో రేడియో పెట్టింది నేనే.

వారం తిరక్కుండానే సాక్స్ శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్ళింది. శనివారం మ్యాచ్‌లో డెవర్స్ మా పిచ్చర్ మీదే హోమ్ రన్ కొట్టాడు. మా వాడు లేచి గట్టిగా చప్పట్లు కొట్టాడు. "నువ్వు ఏ జట్టురా?" అంది వాళ్ళమ్మ. "కొట్టింది డెవర్స్ కదమ్మా" అన్నాడు. సాక్స్ ఒక్క పరుగు తేడాతో ఓడిపోయింది.